రోహిణికీ మిరుగానికీ నడుమ

తెలుగు రైతు ఏడాదిని నెలలుగా లెక్కించిన దానికంటె కార్తెలుగా లెక్కించినదే ఎక్కువ. సూర్యుడు ఏ నక్షత్రంలో సంచరిస్తూ ఉంటే ఆ నక్షత్రం పేరే కార్తెకు పేరు. అటువంటివి ఇరవైయేడు, ఒక్కొక్కటి పదమూడు పదునాలుగు రోజులు నడుస్తుంది. మే 25వ తేదీ ప్రాంతాన రోహిణి ప్రవేశిస్తుంది. జూన్ 7, 8 తేదీలకు మృగశిర వస్తుంది. రోహిణి ఎండలకు రోళ్ళు పగులుతాయని ఒక సామెత. మృగశిర కురిస్తే ముసలి ఎద్దు సైతం రంకె వేస్తుందని మరొక సామెత. ఈ రెండు సామెతలకు నడుమ ఉన్న పక్షం రోజులే తెలంగాణ పల్లెలలో వేసవి చివరి భాగం. జనగామ మెట్టలలోను, మానుకోట చెరువుల కింది ఊళ్ళలోను, భూపాలపల్లి అడవి పల్లెలలోను మృగశిరను "మిరుగం" అంటారు. "మిరుగం లోపల" అన్న మాట అక్కడ అన్ని పనులకూ గడువు. ఇంటి కప్పు సరిచేసుకోవడం మిరుగం లోపల. వంటచెరకు ఇంటికి చేర్చుకోవడం మిరుగం లోపల. విత్తనం సమకూర్చుకోవడం, దిబ్బమీది ఎరువు చేనికి తోలుకోవడం మిరుగం లోపల. పెళ్ళికి వచ్చిన చుట్టాలను సాగనంపడం కూడా మిరుగం లోపలనే.

కవులు ఈ పక్షాన్ని అంతగా పట్టించుకున్నట్లు కనిపించదు. కాళిదాసు 'ఋతుసంహారా'న్ని గ్రీష్మంతోనే ప్రారంభించాడు గాని, ఆ గ్రీష్మంలోని సుఖాలు చందనపు పూతలు, జలయంత్ర మందిరాలు, వెన్నెల మేడలు. అవి కలవారి సుఖాలు. ఎండిన వడియాన్ని గుడ్డమీద నుండి చిటుక్కున ఒలిచే సుఖం కూడా కావ్యవస్తువు కాగలదని ఆ కాలం తలచి ఉండదు. పల్లె కుటుంబానికి మాత్రం, ఇంటిల్లిపాదీ ఒకచోట కూడి ఒకే పనిమీద చేతులు వేసే రోజులు ఏడాది మొత్తంలో ఇవే.

ఒకప్పటి వరంగల్లు జిల్లా 2016 అక్టోబరు 11న విడిపోయినప్పుడు జనగామ, మహబూబాబాదు, జయశంకర్ భూపాలపల్లి వేరువేరు జిల్లాలయినవి. గీతలు గీసినది ప్రభుత్వమే అయినా, ఈ మూడింటి నేలతీరు అంతకు ముందునుండీ వేరే. జనగామ ఎత్తైన మెట్టనేల; తాడి, ఈత చెట్లు దానికి అలంకారం. మహబూబాబాదు, ప్రజల నోట మానుకోట, కొంత చెరువుల సీమ, కొంత అడవి. నడుమ కాజీపేట నుండి డోర్నకలు మీదుగా సాగే రైలుదారి. భూపాలపల్లిలో అడవి, బొగ్గుగనులు, ఉత్తరాన గోదావరి. నేల వేరైన చోట వేసవి చివరి వేడుక కూడా వేరుగానే ఉంటుంది. అన్ని ఇళ్ళకూ సమానమైనది ఒక్కటే: మామిడికాయ తొక్కు.

కోస్తా వారి నోట ఆవకాయ అన్న మాటకు ఎంత గౌరవమో, ఇక్కడ తొక్కు అన్న చిన్న మాటకు అంత గౌరవం. కాయ పులుపు ఎక్కి, టెంక గట్టిపడి, పండబారకముందు కోయాలి. ఒక ఈదురుగాలి వచ్చిందంటే చెట్టుకింద రాలిన కాయ దెబ్బతిన్న కాయ. అది నాలుగు రోజుల పచ్చడికి పనికివస్తుంది గాని ఏడాది తొక్కుకు పనికిరాదు. అందుచేత గాలి రాకముందే చెట్టెక్కవలె. కాయలను తొట్టిలో పోసి కడగడం, పొడిగుడ్డతో ఒక్కొక్కటిగా తుడవడం పిల్లల వంతు. పెద్ద కత్తిపీటమీద టెంకతో సహా ముక్క కొట్టడం ఇంటి మగవాని వంతు. ఏడాది పొడుగునా వంటింటి గడప దాటనివాడు ఆ ఒక్కపూట అక్కడ చాలా గంభీరంగా కూర్చుంటాడు. ముక్కలలోని జీడి తీసి, లోపలి పలుచని పొర గీకడం మళ్ళీ పిల్లలదే. అల్లం, ఎల్లిగడ్డ నూరడం, మెంతులు, ఆవాలు, జీలకర్ర వేయించి పొడికొట్టడం ఆడవారిది. కలపడం మాత్రం ఒక్కరిదే. ఆమె ఇంటికి పెద్దది. ముక్క ఇంత, ఉప్పు ఇంత, కారం ఇంత అని ఆమె ఎవరికీ చెప్పదు. అడిగితే తవ్వలలోను సోలలలోను ఏదో చెబుతుంది గాని, చివరకు దోసిలితోనే వేస్తుంది. కోడలు పదేళ్ళు పక్కన కూర్చుంటే గాని ఆ దోసిలి లెక్క తెలియదు.

తడిచేయి తగలరాదు, తడిగరిటె పెట్టరాదు అని ఆ పూట పిల్లలను అదిలించడంలో మూఢనమ్మకం ఏమీ లేదు. విజ్ఞానశాస్త్రం బోధించే ఉపాధ్యాయుడు ఆ జాడీనే పాఠంగా తీసుకోవచ్చును. ఉప్పు ముక్కలోని నీటిని బయటకు లాగుతుంది. ఆ ఉప్పునీటిలోను, కాయ పులుపులోను కుళ్ళబెట్టే సూక్ష్మజీవులు బ్రతకలేవు. పైన తేలిన నూనె గాలిని లోపలికి రానీయదు గనుక బూజు పట్టదు. తడి తగిలిన చోట ఉప్పు పలచబడుతుంది. బూజుకు అంత సందు చాలు. మూడవనాడు జాడీ మూత తీసి తొక్కును తిరగగలిపి, ఉప్పు చూసి, మళ్ళీ నూనె పోయడంలోని కారణం కూడా ఇదే. అప్పటికి ముక్క నీరు వదిలి కిందికి దిగుతుంది. కొరత ఎంతో అప్పుడే తేలుతుంది. శాస్త్రం పేరు తెలియనంత మాత్రాన ఆ ముసలమ్మది శాస్త్రం కాకపోదు.

తొక్కుకు ఎర్రదనం ఇచ్చే మిరప మానుకోట, వరంగల్లు, భూపాలపల్లి ప్రాంతాల చేలలో విరివిగా పండుతుంది. ఘాటు తక్కువ, రంగు ఎక్కువ అయిన వరంగల్లు చపాట మిరపకు 2025లో భౌగోళిక గుర్తింపు కూడా లభించింది. ఐతే, ఈ మిరప మనది కాదని పిల్లలకు చెబితే నమ్మరు. అది అమెరికా ఖండాలలో పుట్టి, పోర్చుగీసు వర్తకుల ఓడలలో మన తీరం చేరినది. వారు ఈ దేశపు గట్టెక్కినదే 1498లో. జనగామ జిల్లా పాలకుర్తిలో పుట్టిన పాల్కురికి సోమనాథునికి గాని, దాని సమీపంలోనే బమ్మెరలో సేద్యం చేసుకున్నాడని చెప్పుకునే పోతనకు గాని మిరపకారం రుచి తెలిసి ఉండదు. వారి కాలంలో నాలుకకు కారమంటే మిరియమే. తొక్కు లేని మెతుకు మెతుకే కాదని ప్రమాణం చేసే ఊరివారు ఈ సంగతి విని కొంచెం నొచ్చుకుంటారు. మూడు నాలుగు వందల ఏళ్ళలోనే పరదేశపు కాయ ఇంత సొంతమైపోయినదంటే, తాతముత్తాతల నాటిదని మనం చెప్పుకునే వాటిలో ఎన్ని నిన్నమొన్నటివో ఆలోచించవలసిందే.

కలపడం పూర్తి అయిన పూటే అసలు వేడుక. తొక్కు కలిపిన పళ్ళెం అంచులకు ఎర్రగా అంటుకొని ఉన్నదంతా వృథా పోనీయకుండా, అందులోనే పొగలు కక్కే అన్నం వేసి, పచ్చి నూనె రెండు గరిటెలు పోసి ఆమె కలుపుతుంది. చుట్టూ పిల్లలు చేతులు చాపి కూర్చుంటారు. ఒక్కొక్క చేతిలో ఒక్కొక్క ముద్ద. కళ్ళ నీళ్ళు, ముక్కు నీళ్ళు, మంచినీళ్ళ చెంబు కోసం కొట్లాట, మళ్ళీ మరొక ముద్దకు చేయి. ఊరిన తొక్కు ఇంతకంటె రుచిగా ఉంటుందని పెద్దలు చెబుతారు, నిజమే కావచ్చు. అయినా పెరిగి పెద్దవారై ఎక్కడెక్కడో స్థిరపడిన వారిని అడిగితే, జ్ఞాపకం ఉన్నది జాడీలోని తొక్కు కాదంటారు, పళ్ళెంలోని ముద్ద అంటారు.

ఆ తరువాత జాడీలు నింపడం. పెద్దజాడీ ఇంటికి. చిన్నవి ఒకటి పెద్దకూతురికి, ఒకటి చిన్నకూతురికి, ఒకటి పట్నంలో ఉద్యోగం చేసే కొడుకుకు. ఆ జాడీల లెక్కే ఇంటి జనాభా లెక్క. ఒక ఏడు ఒక జాడీ తగ్గినా, ఒకటి పెరిగినా దాని వెనుక ఒక కథ ఉంటుంది. కోడలు వచ్చిన ఏడు ఒకటి పెరుగుతుంది. అన్నదమ్ములు వేరుపడిన ఏడు పెద్దజాడీ రెండు చిన్నజాడీలవుతుంది.

ఇంత చెప్పిన తరువాత ఒక మాట చెప్పకపోవడం న్యాయం కాదు. కుటుంబ సుఖమని మనం ముచ్చటపడే దానిలో నాలుగింట మూడు వంతులు ఆడవారి రెక్కల కష్టం. రోహిణి ఎండలో పొయ్యి దగ్గర మెంతులు వేయించేది, రోకలితో కారం దంచేది, తెల్లవారుజామున లేచి పిండి ఉడికించి వడియాలు పెట్టేది వారే. దంచిన చేతుల మంట రాత్రివేళ నీళ్ళలో ముంచినా చల్లారేది కాదు. కారపు గిర్నీలు వచ్చి ఆ మంట తప్పించినందుకు సంతోషించవలసిందే గాని, రోకటి పాటలు పోయినవని బాధపడేవారు ముందు ఒక పూట రోకలి పట్టి చూడవలె. ఐనా ఆ స్త్రీలే, ఏళ్ళు గడిచిన తరువాత ఒకరినొకరు కలుసుకున్నప్పుడు, ఆ పనుల ముచ్చట్లే చెప్పుకొని నవ్వుతారు. కష్టాన్ని పదిమంది పంచుకున్నప్పుడు అందులో నవ్వుకు చోటు ఉంటుంది. ఒక్కతే కూర్చుని చేసే ఇంట అదే పని ఒట్టి చాకిరి. వేసవి చివరి వేడుకలకు కావలసిన మొదటి దినుసు మామిడికాయ కాదు, మనుషులు.

వడియాలకు కావలి కాయడం పిల్లల ఉద్యోగం. మిద్దెమీద గాని, వాకిట్లో నులకమంచం మీద గాని తడిగుడ్డ పరచి గుమ్మడి వడియాలో, పిండి వడియాలో పెట్టి, ఒక కర్ర చేతికిచ్చి నీడన కూర్చోబెడతారు. కాకులకు ఈ సంగతి పిల్లలకంటె ముందే తెలుస్తుంది. 1947 జూలైలో మొదలైన 'చందమామ'ను ఎన్నో వేల మంది తెలుగు పిల్లలు చదివినది ఈ కాపలాలోనే కాబోలు. కథ మంచి పట్టులో ఉన్నప్పుడు కాకి వచ్చి వడియం ఎత్తుకుపోవడం, లోపలినుండి తిట్లు రావడం సర్వసాధారణం. ఆ పత్రిక ఇప్పుడు రాదు; కాకులు కూడా తగ్గినవి. సగం ఎండిన వడియాన్ని దొంగతనంగా నోట్లో వేసుకునే అలవాటు మాత్రం పిల్లలకు ఇంకా పోలేదు.

జనగామ వైపు ఈ రోజులకు తాటివనమే విహారస్థలం. 17వ శతాబ్ది చివర, 18వ శతాబ్ది మొదట మొగలు అధికారాన్ని ఎదిరించిన గౌడవీరుడు సర్దారు సర్వాయి పాపన్న కోట నిలిచిన ఖిలాషాపురం ఈ మెట్టలలోనే ఉంది. గీతపనివాడు మోకు వేసుకుని చెట్టెక్కి గెల దింపితే, కింద పిల్లలు గుంపుగా చేరతారు. కాయ తల చెక్కితే మూడు కళ్ళు. లేతకాయ అయితే బొటనవేలు పెట్టి తోడుకొని చప్పరించవచ్చు. ముదిరితే దంతాలకు పని. తిన్న తరువాత కాయలను పారవేయరు. రెండు కాయలను ఒక పుల్లకు చెరొక కొసకు గుచ్చి, నడుమ పంగకర్ర తగిలిస్తే ముంజకాయల బండి సిద్ధం. పైసా ఖర్చు లేదు. పాడయితే మరునాడు మరొకటి. పెద్దలు కొందరు సాయంకాలం కుటుంబంతో సహా వనానికి పోయి, చెట్టుకింద కూర్చుని కల్లు తాగి, గుడాలు తిని రావడం కూడా ఇక్కడి ఆచారమే. మద్యపాన దోషాలను గూర్చి తరగతిలో పాఠం చెప్పే ఉపాధ్యాయునికి ఇది రుచించకపోవచ్చును; ఉన్నది ఉన్నట్టు చెప్పుకోవడమే ఇక్కడి ఉద్దేశం.

రాత్రులు వాకిట్లో పడకలు. ఇంట్లో గోడలు నిప్పులు చిమ్ముతూ ఉంటాయి గనుక మంచాలన్నీ బయటికి వస్తాయి. మంచాలు చాలకపోతే చాపలు. కరెంటు పోయిన రాత్రి మరీ మంచిది. ఆకాశం దగ్గరకు వస్తుంది. సెలవులకు వచ్చిన మనుమడు, "అమ్మమ్మా, మిరుగం మిరుగం అంటవు గద, ఆ చుక్క ఏది?" అని అడుగుతాడు. "ఇప్పుడు కండ్లపడదు బిడ్డా, సూర్యునితోని కలిసి తిరుగుతున్నది" అని ఆమె జవాబు. ఆ జవాబులో ఒక్క పొరపాటు లేదు. మృగశిర కార్తె అంటేనే సూర్యుడు మృగశిరా నక్షత్రం ఉన్న దిక్కున ఉండే కాలం. అందుచేత ఆ చుక్కలు పగటివేళ ఉదయించి పగటివేళనే అస్తమిస్తాయి. వాటిని చూడాలంటే చలికాలం రావలె. మార్గశిర మాసపు పున్నమినాడు చంద్రుడు వాటి దాపుననే ఉంటాడు గనుకనే ఆ మాసానికి ఆ పేరు. జూన్ మొదటి రాత్రులలో నడినెత్తికి దగ్గరగా ఎర్రని వెలుగుతో కనిపించేది స్వాతి. దానికి దక్షిణంగా తెల్లనిది చిత్త. ఆగ్నేయాన ఎర్రగా పైకి వచ్చేది వృశ్చికం నడుమనున్న జ్యేష్ఠ. ఉత్తరపు వైపు సప్తర్షులు వాలుతూ ఉంటారు. పంచాంగం చదవని ముసలమ్మ నోటివెంట ఖగోళశాస్త్రం ఇంత సులువుగా దొర్లడం పట్నపు పిల్లవానికి వింతగా తోస్తుంది. ఇంతలో ఆమె నిద్రపోతుంది.

వాకిట్లో మంచాలు నిండేది ఈ కొద్దిరోజులే. జనగామ జిల్లాలో కొడకండ్ల వంటి నేతపల్లెల నుండి సోలాపూరుకు, భివండీకి, సూరత్తుకు మగ్గాల పనికోసం వలసపోయిన కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. హైదరాబాదు చేరినవారి సంగతి చెప్పనక్కరలేదు. పెళ్ళిళ్ళు, పిల్లల సెలవులు కలిసివచ్చే వేసవిలోనే వారు ఊరి ముఖం చూస్తారు. తొక్కు పెట్టడం కూడా వారు వచ్చేదాకా ఆగుతుంది. వచ్చిన తరువాత రెండు మూడు రోజుల హడావుడి. తరువాత జాడీలకు గుడ్డ కట్టి, దానిపైన ప్లాస్టిక్ సంచి చుట్టి, బస్సులో ఒడిలో పెట్టుకుని ప్రయాణం. ఎంత కట్టినా నూనె కారుతుంది. పక్కన కూర్చున్నవాని పంచెకు మరక అవుతుంది. అతడు కోపగించబోయి, వాసన తగిలి, "ఏ ఊరి తొక్కమ్మా?" అని అడుగుతాడు.

పోయినవారు పోగా మిగిలేది ఇద్దరు ముసలివారు, మడచిపెట్టిన మంచాలు. వచ్చే ఏడు అందరూ వస్తారో రారో తెలియదు. మనుమడు పదవ తరగతికి వస్తే సెలవులలోను తరగతులుంటాయి. కోడలికి పనిలో సెలవు దొరకదు. పట్నంలో సీసాలలో తొక్కు దొరుకుతూనే ఉంది. తీసుకువెళ్ళేవారు లేక, గత ఏటి తొక్కు నల్లబడి అడుగున మిగిలిన జాడీలు ఎన్ని ఇళ్ళలో ఉన్నాయో లెక్క తీస్తే ఆ లెక్క మనల్ని నిద్రపోనీయదు.

ఇక అడవి వైపు. మహదేవపురం, పలిమెల అడవులలోను, మానుకోట జిల్లాలో కొత్తగూడ, గంగారం కోయగూడేలలోను వేసవికి మరొక పేరు తునికాకు. ఇతర చెట్లు ఎండి మోడులై ఉన్నప్పుడు తునికి పొదలు ఎర్రని లేతాకు తొడుగుతాయి. ఆ ఆకు ముదిరి బీడీ చుట్టడానికి పనికివచ్చేది ఏప్రిలు చివరి నుండి మే నెలంతా. కోడికూతకు ముందే ఇంటిల్లిపాదీ అడవికి పోవడం. ఎండ ముదరకముందే మోపులతో తిరిగి రావడం. మధ్యాహ్నమంతా చెట్టునీడనో ఇంటి చూరుకిందనో కూర్చుని, ఆకులను వరుసగా పేర్చి, యాభై ఆకులకు ఒక కట్టగా నారతో కట్టడం. సాయంకాలం వాటిని కల్లానికి చేర్చి లెక్క అప్పగించడం. వేయి కట్టలయితే ఒక ప్రమాణ సంచి, అనగా యాభైవేల ఆకులు. ఈ వ్యాపారం 1971 నాటి చట్టం ద్వారా ప్రభుత్వాధీనం అయింది. ఆకు ధర కోసం 1980ల దశాబ్దంలో ఈ అడవులలో పెద్ద పోరాటాలే జరిగినవి. అనేక కుటుంబాలకు ఏడాదిలో చేతికి రొక్కం తగిలే కాలం ఇదొక్కటే. పత్తివిత్తనం, పిల్లల పలకా సంచీ, కప్పుమీది రేకు, నిరుటి అప్పు, అన్నీ ఈ ఆకులో నుండే రావలె.

దీనిని సుఖమని ఎలా అంటారని ఎవరైనా అడగవచ్చును. ఎండకు వడదెబ్బ, పొదల్లో పాము, ఎలుగుబంటి భయం ఉండనే ఉన్నాయి. కట్టలు కట్టే పిల్లవాని వేళ్ళు నల్లబడతాయి. ఐనా మధ్యాహ్నపు నీడలో జరిగేది చూసినవారికి ఆ ప్రశ్నకు సగం జవాబు దొరుకుతుంది. తల్లి, మేనత్త, పెద్దక్క, తాత గుండ్రంగా కూర్చుని ఉంటారు. చేతులు తమ పని తాము చేసుకుపోతూ ఉంటాయి; మాటలు వేరే తోవన పోతూ ఉంటాయి. ఎవరి కట్ట ముందు అవుతుందో అని పందెం. ఉదయం అడవిలో ఏరుకొచ్చిన తునికిపండ్లు, మొర్రిపండ్లు నడుమ ఒక ఆకులో పోసి ఉంటాయి. మొర్రిగింజ కొట్టుకుని సారపప్పు తినడం చిన్నవాళ్ళ పని. అంకెలు రాని తాత యాభై ఆకులను చేతి బరువుతోనే చెప్పగలడు. బడికి పోయే మనుమరాలు లెక్కపెట్టి చూసి నలభైతొమ్మిదని పట్టుకుంటే ఆ పూటంతా ఆమెదే రాజ్యం.

ఇక్కడ ఒక చిక్కు ఉంది. జనగామ రైతు ఏ వాన కోసం ఆకాశం వంక చూస్తూ ఉంటాడో, కల్లం దగ్గరి కుటుంబం ఆ వానకే భయపడుతుంది. ఆరబెట్టిన ఆకుమీద పెద్దవాన పడితే మచ్చలు వచ్చి పాడవుతుంది. కోత కూడా అంతటితో ఆగిపోతుంది. 2025లో నైరుతి రుతుపవనాలు సాధారణంగా రావలసిన జూన్ 1కి ఎనిమిది రోజుల ముందుగా, మే 24న, కేరళ తీరం తాకినవి. రోహిణి ప్రవేశించిన ఒకటి రెండు రోజులలోనే తెలంగాణలో కొన్ని భాగాలకు చేరినవి. రోళ్ళు పగలవలసిన కార్తెలో గొడుగులు తీయవలసి వచ్చింది. అటువంటి ఏట మిద్దెమీది వడియాలు, కల్లంలోని ఆకు, దున్నని చేను మూడూ ఒకేసారి ఇంటివారిని పిలుస్తాయి. ఎవరు ఎటు పరుగెత్తాలో తెలియదు. అదే మే నెలలో, 15 నుండి 26 వరకు, భూపాలపల్లి జిల్లా కాళేశ్వరంలో, ప్రాణహిత వచ్చి గోదావరిలో కలిసే చోట, సరస్వతీ పుష్కరాలు జరిగినవి. అంతర్వాహినిగా సరస్వతి కూడా అక్కడ కలుస్తుందని విశ్వాసం. దూరపు కుటుంబాలు పిల్లాపాపలతో నదిలో మునిగి వెళ్ళిన ఆ పన్నెండు రోజులలో అడవి పల్లెల కుటుంబాలు అనేకం ఆకుకట్టల లెక్కలో మునిగి ఉన్నవి.

మిరుగం నాడు చేప తినాలి. ఇది తెలంగాణ అంతటా నియమం వంటిది. ఎండనుండి చలువకు కాలం మారేటప్పుడు ఒంటికి వేడి చేసే ఆహారం కావాలని పెద్దల నమ్మకం. చేప తిననివారు ఇంగువను బెల్లంతో కలిపి ఉండచేసి మింగుతారు. వేసవి చివరకు చెరువులు అడుగంటుతాయి గనుక చేప దొరకడం సులభం. ఆచారం పుట్టడానికి అది కూడా ఒక కారణమై ఉండవచ్చును. మానుకోట జిల్లా బయ్యారం పెద్దచెరువు కాకతి గణపతిదేవుని సోదరి మైలాంబ 13వ శతాబ్దంలో తవ్వించినది. ధర్మకీర్తి సముద్రమని దానికి పేరు పెట్టినది. దాని గట్టున వేయించిన శాసనం కాకతీయుల వంశక్రమం తెలుసుకోవడానికి చరిత్రకారులకు ముఖ్యమైన ఆధారం. రాణివంశపు స్త్రీ ఆ శాసనంలో చేపలను గూర్చి తలచి ఉండదు గాని, ఏడెనిమిది వందల ఏళ్ళుగా అటువంటి చెరువులే ఈ సీమకు వరినీ, చేపనూ ఇస్తూ వచ్చినవి. నీరు తగ్గి బురద మిగిలిన చోట చివరిదాకా బ్రతికేది కొర్రమట్ట. అది నీటిపైకి వచ్చి గాలిని నేరుగా పీల్చగలదు. తెలంగాణ ప్రభుత్వం దానినే రాష్ట్రపు చేపగా ఎంచుకున్నది. మిరుగంనాడు దాని ధర వినడానికి కూడా ధైర్యం కావాలి. కొనలేని ఇంట పరకలతోనో, ఎండుచేపతోనో పులుసు కాగుతుంది. పులుసులో వేసేది కొత్త మామిడికాయ ముక్కే.

ఇంతలో బడి తలుపులు తీస్తారు. 2025లో తెలంగాణ పాఠశాలలకు వేసవి సెలవులు ఏప్రిలు 24 నుండి జూన్ 11 వరకు. తెరిచే ముందూ, తెరిచిన తరువాతా, 'బడిబాట' పేరిట ఉపాధ్యాయులు ఇల్లిల్లూ తిరిగి పిల్లలను చేర్పించడం కొన్నేళ్ళుగా ఉన్నదే. ఆ నెపంతోనైనా వారు ఒక్కసారి కల్లం పక్కన నిలుస్తారు, ముసలమ్మ వాకిట్లో మంచినీళ్ళు తాగుతారు. తరగతి మొదలైన మొదటి వారంలో వ్యాసరచన అంశం మాత్రం ఎప్పటిదే: "వేసవి సెలవులలో నేను చూసిన ప్రదేశం." నగరం చూసినవాడు రెండు పుటలు నింపుతాడు. గంగారం వైపు గూడెంలోని పిల్ల "ఎక్కడికీ పోలేదు" అని ఒక్క వాక్యం వ్రాసి కలం మూసేస్తుంది. యాభై ఆకుల కట్ట సంగతి గాని, తునికి పొద ఏ నెలలో చిగురిస్తుందన్నది గాని, తాత బరువుతో చెప్పిన లెక్క గాని అడిగిన అంశంలోకి రావు. అడగనిది ఆమె వ్రాయదు. ఆమె మార్కులు తగ్గుతాయి. ఆ అంశంలో ఒక్క మాట మార్చి, "సెలవులలో మా ఇంట్లో జరిగిన ఒక పని" అని నల్లబల్లమీద వ్రాస్తే, జనగామ పిల్లవానికి ముంజకాయల బండి, మానుకోట పిల్లకు జాడీల లెక్క, గూడెం పిల్లకు అడవి అంతా కలం కొసకు వచ్చి నిలబడతాయి. నగరం చూసివచ్చినవాడు కూడా అమ్మమ్మ ఊరు గుర్తు తెచ్చుకుంటాడు.

బడి మొదలైన తొమ్మిది పది రోజులకు ఆరుద్ర కార్తె. అప్పటికి రెండు మూడు మంచి వానలు పడి నేల మెత్తబడుతుంది. చెలకల్లో ఎర్రని మఖమలు చుక్కలవలె ఆరుద్ర పురుగులు బయలుదేరుతాయి. వాటిని ఖాళీ అగ్గిపెట్టెలో పచ్చగడ్డి పరకతో సహా పెట్టుకుని, జేబులో దాచుకుని పిల్లలు తరగతికి వస్తారు. మూడవ వరుసలో ఎవరో పెట్టె కొంచెం తెరిచి చూపుతారు. నాలుగు తలలు అటు వంగుతాయి. నేరేడుపండు తిన్న నాలుకలు ఊదారంగులో కనిపిస్తాయి. ఉపాధ్యాయుడు నల్లబల్ల వైపు తిరిగి ఉన్నంతసేపు ఆ పురుగు బెంచీమీద మెల్లగా నడుస్తూనే ఉంటుంది.